“వీడి చెయ్యి ఎందుకలా ఉంది టీచర్?” అని పాప అడిగితే “ష్” అన్నాను. ఏం చెప్పాల్సింది?

నర్సరీగది

అందరికీ నమస్కారం. నాలుగేళ్ల పిల్లల గదిలో పనిచేస్తున్నాను. మొన్న జరిగిన ఒక సంగతి మనసులోంచి పోవడం లేదు. మీలో అనుభవం ఉన్నవాళ్లు ఏమంటారో తెలుసుకుందామని రాస్తున్నాను.

బల్ల చుట్టూ ఆరుగురు పిల్లలు. అరచేతికి రంగు పూసుకుని కాగితం మీద అద్దాలి, అదీ ఆ రోజు పని. ఒక పాప పక్కనున్న బాబు చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “టీచర్, వీడి చెయ్యి ఎందుకు నల్లగా ఉంది? కడుక్కోలేదా?” అని అడిగింది. గొంతులో చెడేమీ లేదు. ఆకాశం ఎందుకు నీలంగా ఉందని అడిగినట్టే అడిగింది.

నేను మాత్రం కంగారుపడ్డాను. “ష్, అలా అనకూడదు, తప్పు” అనేశాను. పాప మొహం చిన్నబోయింది. బాబు ఒక్క మాట అనలేదు. చొక్కా చేతిని మణికట్టు దాకా కిందికి లాక్కుని, ఆ చేతిని బల్ల కిందికి దించేశాడు. తర్వాత అరగంట సేపూ రెండో చేత్తోనే రంగులద్దాడు. కుడి చేతివాటం పిల్లాడు, ఎడమ చేత్తో.

ఇద్దర్నీ బాధపెట్టాను. తప్పని తెలుసు. కానీ ఆ క్షణంలో ఏం చెప్పాలో నిజంగా తోచలేదు. మీరైతే ఏం చెప్పేవారు? ఇప్పుడు మళ్లీ ఆ సంగతి ఎత్తవచ్చా, వదిలేయడమే మంచిదా?

పాతికేళ్ల_పలక

అమ్మా, ముందు ఒక మాట. ఆ చెయ్యి బల్ల కిందికి వెళ్లడం మీరు చూశారు. చాలామంది “ష్” అనేసి రంగు సీసా మూత పెట్టుకుంటూ పక్క బల్లకి వెళ్లిపోతారు. చూశారు కాబట్టి సరిదిద్దుకోగలరు. తప్పకుండా మళ్లీ ఎత్తండి, వదిలేయకండి.

ఎందుకంటే ఆ “ష్” పిల్లల చెవికి మనం అనుకున్నట్టు వినబడదు. మనం “మర్యాదగా ఉండు” అని చెప్పామనుకుంటాం. పాపకి మాత్రం “అలా ఉండటం పైకి అనకూడనంత చెడ్డ సంగతి” అని అర్థమవుతుంది. బాబుకీ అదే అర్థమవుతుంది. తన ఒళ్లు గురించి టీచర్ కూడా గుసగుసగానే మాట్లాడింది కదా అనుకుంటాడు.

ఆ వయసుకి సరిపడా నిజం చెప్పేస్తే చాలు. నేనైతే ఇలా చెప్తాను: “మంచి ప్రశ్న. అది మురికి కాదు నాన్నా, వాడి చర్మం రంగు. మనందరి చర్మంలో మెలనిన్ అని ఒక రంగు ఉంటుంది. కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. ఎక్కువ ఉంటే ముదురు రంగు వస్తుంది. అమ్మానాన్నల నుంచి వస్తుంది అది. నీకూ ఉంది, నాకూ ఉంది, చూడు.” అని నా చెయ్యి కూడా బల్ల మీద పెడతాను. ఆ తర్వాత బాబు వైపు తిరిగి, “నీ చెయ్యి ఎవరైనా ముట్టుకోవాలంటే ముందు నిన్ను అడగాలి, సరేనా” అంటాను. ఈ రెండో మాట మర్చిపోవద్దు. పాప ప్రశ్నకి జవాబు చెప్పే హడావుడిలో బాబుని ప్రదర్శనకి పెట్టినట్టు కాకూడదు.

గొంతు మామూలుగా ఉండాలి. మాట కంటే ముందు మన గొంతునే పిల్లలు పట్టేస్తారు.

నాన్న_ఒకడు

నేను టీచర్ని కాదు, నాలుగేళ్ల పాప తండ్రిని. తప్పుగా అనుకోకండి. ఇంత చిన్న పిల్లల దగ్గర రంగు, తేడా అంటూ మాట్లాడటం అవసరమా? పిల్లల మనసులు తెల్ల కాగితాలు. వాళ్లకి ఇవేమీ కనబడవు. మనమే వేలెత్తి చూపించి నేర్పిస్తున్నామేమో అని నా భయం. అందర్నీ ఒకేలా చూస్తే సరిపోదా?

పాతికేళ్ల_పలక

నాన్నగారూ, ఈ భయం చాలామందికి ఉంది, నాకూ మొదట్లో ఉండేది. కానీ పిల్లలకి కనబడదన్నది నిజం కాదు. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో, అప్పుడే పుట్టిన పసివాళ్లు ఏ జాతి ముఖమైనా ఒకేలా చూశారు. మూడు నెలలొచ్చేసరికి రోజూ తమ చుట్టూ కనబడే రకం ముఖాల వైపు ఎక్కువసేపు చూడటం మొదలైంది. మరుసటి ఏడాది ఇంకో పరిశోధన. రెండు రకాల ముఖాలనూ రోజూ చూస్తూ పెరుగుతున్న పసివాళ్లలో ఆ మొగ్గు కనబడలేదు. కాబట్టి తేడా కనబడటం పుట్టిన కొద్ది నెలలకే మొదలవుతుంది. అందులో తప్పూ లేదు. ఆ తేడాకి మంచీ చెడూ అని ఎవరు అర్థం అంటిస్తారన్నదే మన పని.

అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే దంపతులు 1940ల్లో 3 నుంచి 7 ఏళ్ల నల్లజాతి పిల్లలకి బొమ్మలు చూపించారు. అన్నీ ఒకేలా ఉంటాయి, రంగొక్కటే వేరు. “మంచి బొమ్మ ఏది?” అంటే ఎక్కువమంది తెల్ల బొమ్మ చూపించారు. “నీలా ఉన్న బొమ్మ ఏది?” అని అడిగినప్పుడు కొందరు ఏడ్చారు, కొందరు గది వదిలి వెళ్లిపోయారు. బడుల్లో జాతుల వారీగా వేరుచెయ్యడం చెల్లదని 1954లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పని ప్రస్తావన ఉంది. ఆ పిల్లల్ని కూర్చోబెట్టి “నీ రంగు చెడ్డది” అని ఎవరూ పాఠం చెప్పి ఉండరు. చుట్టూ చూసి నేర్చుకున్నారు. మనం మాట్లాడకపోతే ఆ నేర్చుకోవడం ఆగదు. మన మాట ఒక్కటే అందులో లేకుండా పోతుంది.

రెండుజడలు

నేను ఈ పనిలోకి వచ్చి రెండేళ్లే. పలక గారి మాట చదువుతుంటే ట్రైనింగులో విన్న ఒక ప్రయోగం గుర్తొచ్చింది. 2006లో మేగన్ ప్యాటర్సన్, రెబెకా బిగ్లర్ అనే పరిశోధకులు 3 నుంచి 5 ఏళ్ల పిల్లలున్న గదుల్లో చేశారు. పిల్లలకి ఎరుపు, నీలం టీషర్టులు ఇచ్చి మూడు వారాలు వేయించారు. కొన్ని గదుల్లో టీచర్లు ఆ రంగుల ఊసే ఎత్తలేదు. ఇంకొన్ని గదుల్లో “ఎర్ర చొక్కాల వాళ్లు ఇటు, నీలం చొక్కాల వాళ్లు అటు” అంటూ రోజూ వాడారు. ఫలానా రంగు గొప్పదని మాత్రం ఎవరూ అనలేదు. అయినా రంగు పేరుతో పిలిచిన గదుల్లో పిల్లలకి తమ రంగు వాళ్ల మీద మొగ్గు ఎక్కువగా కనబడింది.

అది విన్న రోజు నేను క్లాసులో ఏం చేస్తున్నానో గుర్తొచ్చి గుండె జారిపోయింది. పొద్దున్న లైను కట్టించేటప్పుడు “బాయ్స్ ఒక లైను, గర్ల్స్ ఒక లైను.” నీళ్ల సీసాలు తెచ్చుకోవడానికి అదే. బొమ్మలు సర్దేటప్పుడు “చూద్దాం, బాయ్స్ ముందా గర్ల్స్ ముందా.” రోజుకి పదిసార్లు అంటానేమో. టీషర్టుకి బదులు ఒంటినే వాడుతున్నాను కదా!

ఇప్పుడు మానేశాను. “చొక్కాకి బొత్తాలున్నవాళ్లు రండి”, “ఇవాళ నిద్ర లేవగానే నవ్వినవాళ్లు రండి” అంటున్నాను. గుంపులు రోజూ మారిపోతాయి. పిల్లలకి ఇది ఆటగా ఉంది. మా హెడ్ మేడమ్ మాత్రం “ఇదంతా ఎందుకు, టైమ్ వేస్ట్” అన్నారు. అయినా చేస్తున్నాను.

ఇంకో సమస్య ఉంది, ఇక్కడే అడగొచ్చా? మా గదిలో ఒక పాప ఇంట్లో వేరే భాష మాట్లాడుతుంది. చేరి మూడు నెలలైంది, గదిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా లోపం ఉందేమో పరీక్ష చేయించమన్నారు. ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడమని తల్లిదండ్రులకి చెప్పమన్నారు. చెప్పనా?

రెండుభాషల_గూడు

దయచేసి చెప్పకండి. ఈ ఒక్క సలహా ఎన్ని ఇళ్లలో మాటలు ఆపేసిందో నేను చూశాను. రాని భాషలో పిల్లతో మాట్లాడమంటే ఆ తల్లి ఏం మాట్లాడుతుంది? “రా, తిను, పడుకో” అంటుంది. కథ చెప్పదు, వాదించదు, లాలించదు. ఇంటి భాషలో నేర్చుకున్న ఆలోచన వృథా పోదు. కథలో ముందేమైంది తర్వాతేమైంది అన్న వరుస, కారణం చెప్పడం, లెక్క, ఇవన్నీ ఒక భాషలో వస్తే రెండో భాషకీ పనికొస్తాయి. కెనడాలో జిమ్ కమ్మిన్స్ అనే పరిశోధకుడు ఈ మాటే 1979 నుంచీ చెప్తూ వస్తున్నారు.

కొత్త భాష మధ్యలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు నోరు విప్పరు. అది మామూలే. వాళ్లు ఊరికే ఉండరు, వింటుంటారు. ఆ పాప మీ మాట విని పని చేస్తోందా? “బూట్లు విప్పు” అంటే విప్పుతోందా? కళ్లతో, వేలితో జవాబు చెప్తోందా? అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో తన భాషలో వయసుకి తగ్గట్టు మాట్లాడుతోందా అని తల్లిని అడగండి. ఇంట్లో గలగలా మాట్లాడుతుంటే కంగారు పడక్కర్లేదు. ఇంట్లోనూ మాటలు లేకపోతే, విన్నట్టు అనిపించకపోతే అప్పుడు ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. రెండు భాషల వల్ల మాట ఆలస్యమవుతుందన్నది అపోహ. పదాలు లెక్కపెట్టాలంటే రెండు భాషల్లో వచ్చినవీ కలిపి లెక్కపెట్టాలి.

మీరు చెయ్యగలిగింది ఒకటి చెప్తాను. తల్లి దగ్గర పది మాటలు నేర్చుకోండి. నీళ్లు, బాత్రూమ్, నొప్పి, అమ్మ వస్తుంది, దా, బాగుంది, ఇలాంటివి. నేను అలా నేర్చుకుని మొదటిసారి ఒక బాబుతో “అమ్మ వస్తుంది” అని వాడి భాషలో అన్నాను. ఉచ్చారణ తప్పింది. వాడు నా మొహంలోకి చూసి, నెమ్మదిగా సరైన ఉచ్చారణ చెప్పాడు. మా గదిలో వాడి మొదటి మాట నన్ను సరిదిద్దిన మాట. నేను ఇంకోసారి తప్పు పలికాను. ఈసారి నవ్వి ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవం వస్తుంది కదా అని ఆ ఒక్క రోజు అన్ని భాషల్లో “నమస్కారం” గోడకి అంటించి తీసేస్తాం. ఆ పాప భాష గోడ మీదే కాదు, రోజూ మీ నోట్లో కూడా వినబడాలి.

వినికిడి

స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. నాన్నగారు “అందర్నీ ఒకేలా చూస్తే సరిపోదా” అన్నారు కదా, దాని గురించి.

మా సెంటర్‌లో ఒక టీచర్ చాలా మంచావిడ. అందరికీ ఒకే చాప, ఒకే దూరం, ఒకే కథ. ఎవర్నీ తక్కువ చెయ్యదు. ఆవిడ గదిలో హియరింగ్ ఎయిడ్ పెట్టుకునే బాబు ఒకడున్నాడు. కథ సమయంలో వాడు కాసేపు కూర్చుని లేచి వెళ్లిపోయేవాడు. “ఏకాగ్రత లేదు” అని రిపోర్టులో రాశారు. నేను వెళ్లి వాడి పక్కనే, వాడి ఎత్తులో, చాప మీద కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. టీచర్ కుర్చీ కిటికీకి వీపు పెట్టి ఉంది. వెలుగంతా వెనక నుంచి వస్తోంది. కింద కూర్చుని చూస్తే ఆవిడ మొహం నల్లటి నీడ. పెదవులు కనబడవు. పైగా చిత్రం చూపించేటప్పుడు పుస్తకం నోటికి అడ్డం.

కుర్చీని గది అవతలి గోడకి జరిపాం. పుస్తకం గడ్డం కింద పట్టుకోమన్నాం. చదవడం అయ్యాక బొమ్మ చూపించు, చూపించడం అయ్యాక చదువు, రెండూ ఒకేసారి వద్దు అన్నాం. అంతే. వాడు కథ చివరిదాకా కూర్చున్నాడు. ఆ టీచర్ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ ఎవరికీ అన్యాయం చెయ్యాలనుకోలేదు. అందరికీ ఒకేలా ఇచ్చింది. కానీ కొందరికి అందనే లేదు.

1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు మామూలు బడిలోనే చదవాలని, బడే తనని తాను పిల్లలకి తగ్గట్టు మార్చుకోవాలని ఒప్పుకున్నారు. 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణం దాన్ని హక్కుగానే చెప్పింది. కాగితం మీద ఇంత పెద్ద సంగతి. గదిలోకి వచ్చేసరికి కుర్చీ ఏ గోడకి ఉంది, లైటు ఎటు నుంచి వస్తోంది అనే దాని మీద ఆధారపడుతుంది.

ఇంకొక్కటి. ఒక పిల్లాడి కోసం చేసినది చాలాసార్లు అందరికీ పనికొస్తుంది. ఆటిజం ఉన్న పాప కోసం బొమ్మల టైమ్‌టేబుల్ గోడకి పెట్టాం, ముందు ఆట, తర్వాత చేతులు కడుక్కోవడం, తర్వాత కథ అని. రెండు వారాల్లో గదిలో పిల్లలంతా దాని దగ్గరికెళ్లి “అమ్మ వచ్చేముందు ఇంకా రెండు బొమ్మలున్నాయి” అని లెక్కపెట్టుకోవడం మొదలెట్టారు. పొద్దున్న ఏడ్చే పిల్లలు తగ్గారు.

గంట_కొట్టే_అక్క

ఒక చిన్న సెంటర్ నడుపుతాను. నాకు జరిగింది కూడా చెప్పాలి.

నేను పక్షపాతం లేని మనిషిననే నమ్మేదాన్ని. ఒకరోజు తోటి టీచర్‌ని మూల కూర్చోబెట్టి, నేను గంటసేపట్లో ఏ పిల్లని పేరు పెట్టి పిలుస్తానో, ఎందుకు పిలుస్తానో గీతలు గీయమన్నాను. పదహారు మంది పిల్లలు. కాగితం చూస్తే నా పిలుపుల్లో సగానికి పైగా ఐదుగురికే. ఇద్దర్ని ఒక్కసారి కూడా పిలవలేదు. ఒక బాబుని తొమ్మిదిసార్లు పిలిచాను, తొమ్మిదీ “వద్దు”, “ఆగు”, “కూర్చో”. వాడి పక్కన అదే అల్లరి చేసిన ఇంకో బాబు పేరు పక్కన ఒక్క గీత, అదీ “శభాష్.”

అసలు పిలవని ఆ ఇద్దరి సంగతి ఆలోచించాను. ఇద్దరి పేర్లూ నా నోరు తిరగనివి. తప్పు పలుకుతానేమోనని తెలియకుండానే తప్పించుకుంటున్నాను. ఒక పాపకైతే నేనే పొట్టిపేరు పెట్టేశాను, వాళ్లమ్మని అడగలేదు. బాలల హక్కుల ఒడంబడిక (1989) 7వ అధికరణంలో పుట్టినప్పటి నుంచి బిడ్డకి పేరు హక్కు అని ఉంది. 8వ దాంట్లో ఆ పేరుతో సహా తన గుర్తింపుని కాపాడుకునే హక్కు ఉంది. నా గోడ మీద ఆ పోస్టరు ఉంది. పేరు మాత్రం నేనే విరిచేశాను.

వాళ్లమ్మ వచ్చినప్పుడు “పేరు నెమ్మదిగా ఒకసారి చెప్పండమ్మా” అని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఇంటికెళ్లి పది పదిహేనుసార్లు విని పలికాను. మర్నాడు పొద్దున్న పూర్తి పేరుతో పిలిస్తే పాప వెనక్కి తిరిగి, ఎవరు పిలిచారా అని గుమ్మం వైపు చూసింది. నేనని అనుకోలేదు. నేను ఆ చూపు మర్చిపోలేను.

2016లో యేల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గిలియమ్ బృందం ప్రీస్కూల్ టీచర్లకి పిల్లలు ఆడుకునే వీడియో చూపించి, అల్లరి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టమన్నారు. నిజానికి ఆ వీడియోలో అల్లరే లేదు. టీచర్ల కళ్లు ఎక్కువసేపు నల్లజాతి మగపిల్లాడి మీదే నిలబడ్డాయని కంటిచూపు ఎటు పోతోందో పట్టే యంత్రం చూపించింది. నా తొమ్మిది గీతలూ అదే. మనం ఎవరి మీద కన్నేసి ఉంచుతామో వాళ్ల అల్లరే మనకి కనబడుతుంది.

ఇప్పుడు నెలకోసారి మేం టీచర్లం ఒకరికొకరం గీతలు గీసుకుంటాం. పేర్లు రిపోర్టులో రాయం, ఎవరి కాగితం వాళ్లకే ఇస్తాం. భయం ఉంటే ఎవరూ ఒప్పుకోరు.

నాన్న_ఒకడు

మీరంతా రాసింది రెండుసార్లు చదివాను. నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నిన్న రాత్రి పాపతో బిళ్లలు పేరుస్తుంటే కట్టడం పడిపోయింది. “అన్నయ్యకి ఇచ్చెయ్ నాన్నా, మగపిల్లలకి తెలివి ఎక్కువ” అంది. నాలుగేళ్లు! ఇంట్లో మేమెవరం అలా అనలేదు. “ఎవరు చెప్పారు?” అంటే “ఎవరూ చెప్పలేదు, నాకు తెలుసు” అంది. పలక గారు చెప్పిన “చుట్టూ చూసి నేర్చుకుంటారు” అన్నది ఇదేనా?

పాతికేళ్ల_పలక

అదే అండీ. 2017లో అమెరికాలో 5, 6, 7 ఏళ్ల పిల్లల మీద ఒక పరిశోధన వచ్చింది. “చాలా చాలా తెలివైన మనిషి” కథ చెప్పి అది ఎవరై ఉంటారంటే, ఐదేళ్లప్పుడు ఆడపిల్లలు ఆడవాళ్లనీ, మగపిల్లలు మగవాళ్లనీ దాదాపు సమానంగా చూపించారు. ఆరేళ్లొచ్చేసరికి ఆడపిల్లలు తమవాళ్లని చూపించడం తగ్గిపోయింది. “చాలా తెలివైన పిల్లల ఆట” అంటే ఆ ఆట మీద వాళ్లకి ఆసక్తీ తగ్గింది. మీ పాప ఇంకాస్త ముందే అందుకుంది.

“కాదు, నువ్వూ తెలివైనదానివే” అని ఒక్కసారి చెప్పి ఊరుకుంటే నిలబడదు. కట్టడం పడిపోయినప్పుడు “కింద ఏ బిళ్ల కదిలింది, చూద్దాం రా” అనండి. అన్నయ్యకి ఇవ్వకండి. పాప చెయ్యి మీద మీ చెయ్యి కూడా వెయ్యకండి. ఇంట్లో ఫ్యాను బాగుచేసేటప్పుడు టార్చ్ ఎవరి చేతికి ఇస్తారో, మొక్కకి నీళ్లు పొయ్యమని ఎవరిని పిలుస్తారో కూడా ఒక వారం గమనించి చూడండి. గంట అక్క గీతల కాగితం ఇంట్లో కూడా పనికొస్తుంది.

రెండుజడలు

మా సెంటర్‌లో ఏడాదికోసారి “వైవిధ్య దినోత్సవం” చేస్తారు. పిల్లలందరూ వాళ్లవాళ్ల వేషాల్లో వస్తారు, ఫోటోలు తీస్తారు. మంచి పనే అనుకున్నాను. పోయినసారి ఒకమ్మని “మీ పద్ధతులు ఏవైనా చేసి చూపించండి” అని పిలిస్తే, “ఏడాదంతా నా పాప పేరు సరిగ్గా పలకలేదు, ఇవాళ వచ్చి ఆడి చూపించమంటున్నారా” అన్నారు. నాకు నోట మాట రాలేదు. గంట అక్క రాసింది చదివాక ఆమె మాట మళ్లీ చెవుల్లో వినబడుతోంది.

గంట_కొట్టే_అక్క

ఆమెకి కోపం వచ్చిందంటే ఇంకా మీ మీద ఆశ ఉన్నట్టే చెల్లీ. వెళ్లి మాట్లాడు. క్షమాపణ చెప్పి, “ఏం మారిస్తే బాగుంటుంది” అని అడుగు. జవాబు వెంటనే రాకపోవచ్చు.

పండగ ఒక రోజు, అప్లికేషన్ ఫారం ఏడాదంతా. మా ఫారంలో “తల్లి పేరు, తండ్రి పేరు” అనే రెండు గళ్లు ఉండేవి. ఒక అమ్మమ్మ మనవణ్ణి చేర్చడానికి వచ్చి ఆ గళ్ల దగ్గర పెన్ను ఆపేసి చాలాసేపు కూర్చుంది. ఇప్పుడు “బిడ్డని పెంచుతున్నవారు” అని మూడు ఖాళీ గీతలు ఉన్నాయి. పక్కన “బిడ్డ వీరిని ఏమని పిలుస్తుంది?” అని ఇంకో గీత. ఆ చివరి గీత ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. పిల్ల ఏడుస్తుంటే “అమ్మ వస్తుంది” అనే బదులు, వచ్చేవాళ్లు ఎవరో ఆ పేరే చెప్తాం.

పుస్తకాల అర కూడా ఒకసారి నేల మీద పరిచి చూడండి. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల కథలో నాయికగా ఉందా, పక్కన నిలబెట్టారా? ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లు దయ్యాలుగా, దొంగలుగా మాత్రమే ఉన్నారా? డబ్బులేని ఇల్లు ఏ కథలోనైనా సంతోషంగా ఉందా? మాకు నలభైకి పైగా పుస్తకాలుంటే ఈ చివరి ప్రశ్నకి రెండే తేలాయి.

రెండుభాషల_గూడు

న్యూజిలాండ్‌లో 1996 నుంచి ఉన్న శిశువిద్య ప్రణాళిక పేరు టె ఫారికి. మావోరీ భాషలో నేసిన చాప అని అర్థం. పేరే అక్కడి మూలవాసుల భాషలో పెట్టుకుని, రెండు సంస్కృతులూ పునాదిగా రాసుకున్నారు. ఒకరి భాషని పండగ రోజు అతిథిగా పిలవకుండా, చాపలో పోగుగా నేశారు. రెండుజడలు గారి దినోత్సవం గురించి చదివితే ఇది గుర్తొచ్చింది.

నర్సరీగది

మళ్లీ వచ్చాను. వారం పట్టింది.

పలక గారు మళ్లీ ఎత్తమన్నారు కదా, ముందు బాబుతో ఒక్కడితోనే మాట్లాడాను. నేల మీద వాడి పక్కన కూర్చుని, “ఆ రోజు నేను ష్ అన్నాను కదా. నేను తప్పుగా అన్నాను. నీ చేతిలో తప్పేం లేదు” అన్నాను. వాడు కారు బొమ్మ చక్రం తిప్పుతూనే ఉన్నాడు. కాసేపటికి “కడుక్కున్నాను టీచర్” అన్నాడు. వారం రోజులు ఆ మాట లోపల పెట్టుకున్నాడు పిల్లాడు. “తెలుసు నాన్నా, కడుక్కున్నావు. అది నీ రంగు. చాలా బాగుంటుంది” అన్నాను. వాళ్లమ్మగారికి కూడా జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “చెప్పినందుకు మంచిది” అన్నారు.

ఆ తర్వాత గదిలో అందరితో. మా రంగుల పెట్టెలో ఒక క్రేయాన్‌ని పిల్లలు “ఒంటి రంగు” అంటారు, లేత గులాబీ. ఎవరూ నేర్పలేదు. క్రేయోలా కంపెనీ ఒకప్పుడు ఒక రంగుని “ఫ్లెష్” అని, అంటే ఒంటి రంగు అనే, అమ్మేదట, 1962లో ఆ పేరు తీసేసి “పీచ్” అని మార్చారు. అరవై ఏళ్లు దాటినా మా గదిలో ఆ మాట బతికే ఉంది. క్రేయాన్ తీసి నా చేతి మీద పెట్టి, “ఇది ఎవరి ఒంటి రంగు?” అన్నాను. నాది కాదన్నారు. ఒక్కొక్కరూ వచ్చి తమ చేతి మీద పెట్టి చూసుకున్నారు. ఎవరికీ కలవలేదు, ఒక్కరికి కూడా. “మరి మన రంగులు మనమే కలుపుకుందామా?” అన్నాను.

ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, ఖాళీ కప్పులు. బాబు మొదట దూరంగా నిలబడ్డాడు. ఆ పాపే వెళ్లి “రా, నీది కలుపుదాం” అంది. నేను గుండె బిగబట్టుకుని చూస్తున్నాను. వాడు వచ్చాడు. చొక్కా చేతిని మోచేతి దాకా తనే మడిచాడు. కలిపిన రంగు చుక్క మణికట్టు మీద పెట్టి చూసి “కాదు టీచర్, ఇంకొంచెం ఎరుపు” అన్నాడు. మళ్లీ చుక్క. “ఇంకొంచెం.” నాలుగోసారి చుక్క పెడితే, చుక్క ఎక్కడుందో నాకు కనబడలేదు. చర్మంలో కలిసిపోయింది. వాడు ఆ చెయ్యి పైకెత్తి గది అంతా తిరిగి చూపించాడు. కుడి చెయ్యి.

పాప మాత్రం తన కప్పు ముందు కూర్చుని “నాది రావట్లేదు టీచర్” అని ఏడుపు మొహం పెట్టింది. వాడే వెళ్లి సాయం చేశాడు.

వినికిడి

చదివాను. రెండోసారి కూడా చదివాను. వాళ్లమ్మగారికి చెప్పినందుకు మీకు ప్రత్యేకంగా నమస్కారం. అది అన్నిటికంటే కష్టమైన భాగం.

రెండుజడలు

మేడమ్, నేను రేపు మా గదిలో చేస్తాను. పాళ్లు ఎలా కలిపారో చెప్తారా? నేను ఇంట్లో ప్రయత్నిస్తే అన్నీ ఆకుపచ్చగా, బూడిదగా వస్తున్నాయి.

నర్సరీగది

నీలం ఎక్కువ పడుతున్నట్టుంది అమ్మా. ముందు పసుపు, ఎరుపు సమానంగా కలపండి, నారింజ రంగు వస్తుంది. అందులో నీలం పుల్ల కొసతో చుక్క చుక్కగా వెయ్యాలి, సీసాతో పొయ్యకూడదు. గోధుమ రంగు వస్తుంది. లేత రంగు కావాలంటే ఆ గోధుమ రంగులో తెలుపు పొయ్యకండి, సీసా అయిపోతుంది. కప్పులో తెలుపు ముందు తీసుకుని, అందులోకి గోధుమ రంగు కొంచెం కొంచెం కలపండి. కప్పు మీద పిల్లల పేర్లు రాసి ఉంచండి, పూర్తి పేర్లు. పాత చొక్కాలు వేయించడం మర్చిపోకండి.